సాలూరు అవతలి నుంచి వచ్చిన పెద్దమ్మకి

ఇవాళ మధ్యాహ్నం పాపని ఇంటికి తెచ్చుకున్నాం. 19 రోజులు ఎస్‌ఎన్‌సీయూలో (పసికందుల ప్రత్యేక వార్డు) ఉంది. పుట్టినప్పుడు 1,450 గ్రాములు, ఇవాళ 1,760. తల్లీ పిల్లా నిద్రపోతున్నారు. నాకే పట్టట్లేదు.

మా ఆవిడకి ఎనిమిదో నెల. రాత్రి పదకొండింటికి తల పగిలిపోతోంది, కళ్ళ ముందు మెరుపులు అంది. నేను మంచినీళ్ళు తెచ్చేలోగా ఫిట్స్. గుర్రపువాతం అంటారే, అదే. పక్కింటావిడ మా ఆవిడ చేతిలో తాళాలు పెట్టింది. 108లో వచ్చిన కుర్రాడు అవి తీసేసి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాడు. దారిలో ఒక ఆస్పత్రిలో ఫిట్స్ ఆగడానికి మెగ్నీషియం ఇచ్చి (నరంలోకి మెల్లగా 4 గ్రాములు, రెండు పిర్రలకీ చెరో 5) విశాఖ పంపారు. బీపీ 180/120.

లేబర్ వార్డులోకి మగవాళ్ళని రానివ్వరు. మా అత్తయ్య పొద్దున్న బస్సుకి గానీ రాలేదు. మెట్ల మీద కూర్చున్నాను. లోపల్నుంచి ఒక పెద్దావిడ వచ్చి, "ఆ ఫిట్సు పిల్ల తాలూకా నువ్వేనా బాబూ?" అంది. అప్పట్నించీ సిస్టర్ చిన్న సుత్తితో మోకాలి మీద తట్టి చూసినప్పుడల్లా బయటికొచ్చి చెప్పేది, "మోకాలు ఎగిరింది, భయం నేదు." ఆ మెగ్నీషియం ఎక్కువైతే ముందు మోకాలు కదలడం మానేస్తుందట, ఆ తర్వాత ఊపిరికే ముప్పట. అందుకే మోకాలు, ఊపిరి, మూత్రం చూశాకే నాలుగు గంటలకోసారి తర్వాతి సూది. ఇదంతా మర్నాడు డాక్టరు చెప్తే తెలిసింది. ఆవిడ మాత్రం సిస్టర్ మొహం చూసే పట్టేసింది. సంచీలోకి మూత్రం ఎంత దిగిందో వేళ్ళతో కొలిచి చూపించేది.

మూడింటికి కొంగులోంచి సగం బన్ను తీసి చేతిలో పెట్టింది. అప్పటిదాకా లేని ఏడుపు అప్పుడొచ్చింది. లోపల ఆవిడ కూతురు నొప్పులు పడుతోందని నాకు తెల్లారాక తెలిసింది.

తెల్లవారుజామున మా ఆవిడకి ఆపరేషన్. మర్నాడు వెతికితే ఆ పెద్దమ్మ వాళ్ళని వేరే వార్డుకి మార్చేశారు. సాలూరు అవతల ఏదో ఊరంది. పేరైనా అడగలేదు.

కార్డు తీసి చూస్తే నాలుగు చెకప్పుల్లోనూ 120/80. మా దగ్గర బీపీ మిషను పనిచేయట్లేదని ఊరంతటికీ తెలుసు, మరి ఆ అంకెలు ఎక్కడివి? మొహం ఉబ్బిందంటే నీరేలే అన్నారు. మూత్రం చూసే స్ట్రిప్పుల్లేవన్నారు. పోట్లాడే ఓపిక ఇప్పుడు లేదు. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చట, ఇంకా బీపీ మాత్రలు వేసుకుంటోంది.

అత్తయ్యకీ అన్నయ్యకీ వేరే చెప్పక్కర్లేదు. రక్తమిచ్చిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళకి, పాపని గుండెకి కట్టుకోవడం నాక్కూడా నేర్పిన సిస్టర్‌కి, ఫోన్ ఛార్జింగ్ పెట్టిచ్చిన టీకొట్టు బాబాయికి దండాలు.

సాలూరు వైపు వాళ్ళెవరైనా ఇది చూస్తే, ఆ పెద్దమ్మకి మోకాలు పిల్ల ఇంటికొచ్చేసిందని చెప్పండి.

అయ్యో, ఆశా అక్కని మర్చిపోయా. 108కి ఫోన్ చేసింది తనే. తిట్టుకోకు అక్కా.