ఆ క్యాసెట్లు అప్పుడే పెట్టకురా

ఒరేయ్,

సముద్రం పక్కింటి అటక మీద మన పాత పాటల క్యాసెట్ల పెట్టె దొరికిందని రాశావు. సంతోషమే. కానీ ఆత్రపడి ఒక్కటి కూడా టేపు రికార్డరులో పెట్టకు. ఏళ్ల తరబడి ఉప్పుగాలి తిన్న సరుకది. గాల్లో తేమ 75 శాతం దాటితే చాలు, ఉప్పు తనే నీళ్లు లాక్కుని కరుగుతుంది. అందుకే ఒడ్డున ఉన్న క్యాసెట్లలో టేపు కంటే ముందు బిగించే మరలకూ, లోపలి రేకులకూ తుప్పు పడుతుంది.

మొదట క్యాసెట్టు కిటికీలోంచి చుట్టను చూడు. తెల్లటి చుక్కలుంటే బూజు. దాన్ని విడిగా పెట్టెయ్యి. వాయించావంటే బూజు టేపుని చదివే హెడ్డుకంటి తర్వాతి క్యాసెట్టుకీ పాకుతుంది. మిగతావాటిని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో వారం ఉంచు. ఎండలో మాత్రం పెట్టకు, ప్లాస్టిక్కు వంకర పోతుంది. బూజు దులిపేటప్పుడు మూతికి మాస్కు కట్టుకుని ఆరుబయట కూర్చో.

తర్వాత మన పాత ఆయుధం, పెన్సిల్. అరచుట్టు అటూ, అరచుట్టు ఇటూ తిప్పు. బిగుసుకుంటే బలవంతం చేయకు. వదులుగా తిరిగితే ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి చుట్టించు. అంటుకున్న పొరలు విడతాయి. 120 నిమిషాలవి ఉంటే వాటిని చేత్తోనే తిప్పు. 60 నిమిషాల టేపు మందం సుమారు 18 మైక్రాన్లైతే, వీటిది 9. సాగిందంటే ఇక పాట గతి అంతే.

పాట దుప్పటి కప్పుకున్నట్టు మూగగా వస్తే టేపు పోయిందనుకోకు. టేపుని హెడ్డుకి అదిమి ఉంచే చిన్న స్పంజి ముక్క జిగురు ఊడి రాలిపోయి ఉంటుంది. మరలున్న ఖాళీ క్యాసెట్టు ఒకటి తీసుకుని, రెండు చుట్టల్నీ అందులోకి మార్చెయ్. మూలల్లోని చిన్న రోలర్లు, పైనా కిందా ఉండే పల్చటి కాగితాలు మర్చిపోతే టేపు నలిగిపోతుంది. మూత అతికించిన రకమైతే అతుకు వెంట బ్లేడుతో మెల్లగా విప్పాలి.

హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాలు, దూదిపుల్లతో తుడువు. రబ్బరు రోలరుకి సబ్బునీళ్లే మేలు. అప్పటికీ స్పష్టత లేకపోతే హెడ్డు పక్క చిన్న మరని కొంచెం కొంచెంగా తిప్పుతూ విను, తాళాల గలగల బాగా విచ్చుకున్న చోట ఆపు. ఒక్కో క్యాసెట్టు ఒక్కో మెషీన్లో రికార్డయి ఉంటుంది కాబట్టి ఈ తిప్పలు ప్రతిదానికీ తప్పవు. పొరపాటున రికార్డు మీట నొక్కకుండా క్యాసెట్టు వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్కు చెవులు రెండూ ముందే విరిచెయ్.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. 90 నిమిషాలకి 1.4 జీబీ పడుతుంది, పడనీ.

అసలు మాటకొస్తాను. రేడియో ముందు మైకు పెట్టి తీసినవి ఉంటాయి చూడు, వాటిలో పాట ఆగిన చోట అలల హోరు పైకి లేస్తుంది. ఆ రికార్డర్లు శబ్దం తగ్గితే వాటంతటవే మైకు జోరు పెంచేవి. పాట మొదలవగానే సముద్రం తగ్గేది, ఆగగానే మళ్లీ పొంగేది. ఇప్పుడు సాఫ్ట్‌వేరులో 'నాయిస్ తొలగించు' నొక్కావనుకో, టేపు సుయ్‌మనే శబ్దంతో పాటు అలలూ పోతాయి. రెండూ ఒకే జాతి శబ్దాలు, దానికి తేడా తెలియదు. శుభ్రం చేసినదాన్ని ఎవరికైనా ఇచ్చుకో. నాకు మాత్రం ఏమీ ముట్టుకోని ఫైలే పంపు, సముద్రంతో సహా.

నీ
వాడే