చెప్పు వదులైందనుకున్నారు తాతయ్య

తెనాలి,
ఆదివారం

చిట్టితల్లికి,

నిన్న ఫోన్లో నువ్వు "బీపీ 152/98 అంటే మరీ ఎక్కువేం కాదులే అమ్మా, ప్రాజెక్ట్ టెన్షన్, అది అయిపోతే ఇదీ దిగుతుంది" అన్నావు. నేను మాట మార్చి పిల్లల సంగతి అడిగాను. ఫోన్లో అయితే వాదన అవుతుంది. ఉత్తరంలో నువ్వు నాకు అడ్డం రాలేవు, అందుకే రాస్తున్నాను.

తాతయ్యకు పక్షవాతం వచ్చిందని నీకు తెలుసు. ఆ రోజు పొద్దున ఏం జరిగిందో ఎప్పుడూ చెప్పలేదు. పాలు తీసుకుని వస్తుంటే ఆయన ఎడమ కాలి చెప్పు రెండుసార్లు జారిపోయింది. పట్టీ వదులైందనుకుని, చెప్పులు కుట్టే అతని దగ్గర కూర్చుని బిగింపించుకున్నారు. అయినా జారింది. సరిగ్గా కుట్టలేదని అతన్ని నాలుగు మాటలని ఇంటికొచ్చారు. మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే మూతి పక్కకు లాగింది. వదులైంది చెప్పు కాదు, కాలు. అప్పటికి ఆరేళ్లుగా ఆయనకు బీపీ ఉంది. "తల తిరగదు, నొప్పి లేదు, నాకు బీపీ ఏంటి?" అని మాత్రలు డబ్బాలోనే ఉంచేవారు.

మనవాళ్లు "ఆయనకి బీపీ ఎక్కువ" అన్నారంటే కోపిష్ఠి అనే అర్థం. "నాకు బీపీ తెప్పించకు" అని నువ్వే పిల్లల మీద అరుస్తుంటావు. ఆ మాట వల్లే వచ్చింది చిక్కు. కోపం, టెన్షన్ వచ్చినప్పుడు అంకె కాసేపు పెరిగి దిగుతుంది. అది అందరికీ ఉండేదే. జబ్బు అనేది నువ్వు నిద్రపోతున్నా, నవ్వుతున్నా లోపల రక్తనాళాల మీద ఒత్తిడి పెడుతూనే ఉంటుంది. తాతయ్య మా ఊళ్లోకెల్లా శాంతమూర్తి.

పై అంకె గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పటి ఒత్తిడి, కింది అంకె గుండె సడలినప్పటిది. 120/80 లోపు ఉంటే మంచిది. మన దగ్గర 140/90 దాటితే బీపీ అంటారు, అమెరికా డాక్టర్లు 2017 నుంచి 130/80కే అంటున్నారు. ఏ లెక్కలో చూసినా నీది దాటింది.

ఒక్కసారి చూసి ఎలా తేలుస్తారని నువ్వడిగింది మాత్రం న్యాయమే. తెల్లకోటు చూడగానే బీపీ పెరిగేవాళ్లున్నారు. ఆస్పత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు, వాళ్లది ఇంకా ప్రమాదం, ఎవరికీ దొరకదు. అందుకే మీ డాక్టరు గారు ఇంట్లో చూసుకోమన్నారు. కానీ నువ్వు చూసుకునే పద్ధతి ఇదా? నిన్న నాతో మాట్లాడుతూనే పట్టీ కట్టుకున్నావు, మెషీన్ గుయ్యిమనడం నాకు వినపడింది. పొద్దున్నే, కాఫీకి ముందు, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. కాలు మీద కాలు వద్దు. చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టు. మాట్లాడకు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసిపెట్టు. సాయంత్రం కూడా అంతే. అలా వారం.

బీపీ ఉన్న పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఇదీ అని ఒక్క కారణం చెప్పలేరు. వంశం, ఉప్పు, ఒళ్లు, కూర్చుని చేసే ఉద్యోగం అన్నీ కలిసి వస్తుంది. మిగతావాళ్లకి వెనక ఇంకో జబ్బు ఉంటుంది: కిడ్నీలు, కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడటం, థైరాయిడ్, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు. నీకు 36 ఏళ్లే కాబట్టి డాక్టరు గారు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది), పొటాషియం, యూరిన్ పరీక్షలు రాశారు. డబ్బు గుంజడానికని విసుక్కోకుండా చేయించుకో. ఆయనకు మూడు సంగతులు నోరు విప్పి చెప్పు. చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో నీకు బీపీ వచ్చింది. అలా వచ్చినవాళ్లకి తర్వాత మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. తలనొప్పికి నువ్వు మింగే ఐబుప్రొఫెన్ కూడా బీపీని పెంచుతుంది. ఇక మూడోది, అల్లుడు గారు మొహమాటపడుతూ నాకు చెప్పారు, నువ్వు గురక పెడుతున్నావట. నవ్వకు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే బీపీ పెరుగుతుంది.

ఇక "మాత్ర మొదలుపెడితే జన్మంతా వేసుకోవాలట" అన్నావు. ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూల్లో బోర్డు మీద గుండె బొమ్మ గీసి నాలుగు గదులకూ పేర్లు పెట్టిన నేను ఏం చేశానో విను. మాత్రతో నా బీపీ 126/80కి వచ్చింది. తగ్గిపోయిందనుకుని నా అంతట నేనే మానేశాను. కళ్లజోడుతో బాగా కనపడుతోంది కాబట్టి ఇక కళ్లజోడెందుకు అన్నట్టు! ఐదు నెలల తర్వాత పన్ను తీయించుకోవడానికి వెళ్తే 186/108 ఉంది. పన్ను తీయనని వెనక్కి పంపారు. మీ నాన్నకి మాత్రం డాక్టరుకి ఖాళీ లేదని చెప్పాను. ఇప్పుడే నిజం ఒప్పుకుంటున్నాను, ఆయనకి చదివి వినిపించకు.

బరువు తగ్గి, నడక కుదిరితే కొందరికి మోతాదు తగ్గుతుంది, ఒక్కోసారి ఆపేస్తారు కూడా. కానీ ఆపాల్సింది డాక్టరు, మనం కాదు. నీకు రాసిన టెల్మిసార్టాన్ మాత్ర గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు. మూడో బిడ్డ ఆలోచన ఉంటే ముందే చెప్పు, వేరేది ఇస్తారు. కొన్ని రకాలతో పొడి దగ్గు వస్తుంది, ఆమ్లోడిపిన్ అనే మాత్రతో కొందరికి పాదాలు వాస్తాయి. అలా ఏదైనా అయితే మానేయకుండా మార్చమని అడుగు.

పక్కింటి పిన్నిగారు సర్పగంధి వేరు అరగదీసి తాగమంటున్నారు. ఆవిడ మాట తీసిపారేసేది కాదు. ఆ వేరు బీపీ తగ్గిస్తుందని 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ ప్రపంచానికి చూపించారు. దాన్నుంచి రిసెర్పిన్ అనే మందు కూడా వచ్చింది. అయితే అది కొందరిని దిగులులోకి నెట్టింది కూడా. వేరు ముక్కలో మందు ఎంతుందో పిన్నిగారికి తెలియదు, నాకూ తెలియదు.

ఉప్పు సంగతి చెప్పి ఆపేస్తాను. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ లెక్కన మీ నాన్నకూ నాకూ కిలో ప్యాకెట్ నూరు రోజులు రావాలి. మొన్న ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే రాసిపెట్టాను. నలభై మూడో రోజుకి ఖాళీ. పచ్చళ్లు, అప్పడాలు, వడియాల ఉప్పు ఇందులో లేదు! అప్పట్నుంచి మజ్జిగలో మానేశాం, పెరుగన్నంలోనూ వేయట్లేదు. మీ నాన్న వారం రోజులు మొహం ముడుచుకుని, ఇప్పుడు అలవాటుపడ్డారు. మీ ఇంట్లో ప్యాకెట్ మీద కూడా ఇవాళే తేదీ రాయి.

ఈసారి ఆవకాయలో ఉప్పు తగ్గించలేదు, తగ్గిస్తే బూజు పడుతుంది. జాడీనే తగ్గించాను. నీకు పంపేది చిన్న సీసా, అదీ పిల్లలతో కలిపి.

మాత్ర ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు. వచ్చే ఆదివారానికి వారం అంకెలన్నీ కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. నోటితో చెబితే నమ్మను.

అమ్మ