ఆప్టికలా హెచ్‌డీఎంఐయా అని కొట్టుకునే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో హోమ్ థియేటర్ కొనేవాళ్ళకి సలహాలంటూ వచ్చిన ఆర్టికల్ చదివాను, బాగానే రాశారు గానీ ఆప్టికల్ కేబుల్లో వెళ్ళేది వెలుగు కాబట్టి సౌండ్ అన్నిటికంటే క్లియర్‌గా ఉంటుంది అన్న దగ్గర మాత్రం ఆగిపోయాను. వెలుగైనా కరెంటైనా అందులో పోయేవి అవే ఒకట్లూ సున్నాలూ కదండీ. ఒకే స్టీరియో పాటని కోయాక్సియల్ అనే లోహపు తీగ కేబుల్లో పంపినా, ఆప్టికల్‌లో పంపినా, హెచ్‌డీఎంఐలో పంపినా రిసీవర్‌కి, అంటే స్పీకర్లని నడిపే పెట్టెకి, చేరే అంకెలు అవే, వాటిని సౌండ్‌గా మార్చేదీ ఆ రిసీవరే, ఇంక తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? డిజిటల్ వైరు పాడైతే సౌండ్ మధ్యమధ్యలో తెగిపోతుంది, టక్కుటక్కుమంటుంది, అంతేగానీ బేస్ తగ్గడం, గొంతు పలచబడడం లాంటివి ఉండవు.

అసలు తేడా ఆ దారిలో ఎంత పడుతుంది అనేదాంట్లో ఉంది. ఆప్టికల్ కనెక్టర్ని తోషిబా వాళ్ళు 1983లో తెచ్చారు, సీడీ ప్లేయర్లు కొత్తగా వచ్చిన రోజులవి, రెండు ఛానెళ్ళు పోతే చాలు. తర్వాత డాల్బీ డిజిటల్, డీటీఎస్ అనే సరౌండ్ ఫార్మాట్లు వచ్చాక 5.1ని, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ సౌండ్‌ని, కుదించి అందులోనే దూర్చారు. బ్లూరే డిస్కులో ఉండే ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే నాణ్యత పోని ఫార్మాట్లు మాత్రం అందులో పట్టవు, వాటికి హెచ్‌డీఎంఐయే దిక్కు. అందులోనూ మళ్ళీ టీవీ సౌండ్‌ని అదే కేబుల్లో రిసీవర్‌కి వెనక్కి పంపే ఏఆర్‌సీ అని ఒకటుంది, 2009లో హెచ్‌డీఎంఐ 1.4 వెర్షన్‌తో వచ్చింది, అది ఆప్టికల్ కంటే పెద్ద గొప్పదేం కాదు, కాకపోతే డాల్బీ డిజిటల్ ప్లస్ తీసుకుంటుంది కాబట్టి ఓటీటీల్లో వచ్చే అట్మాస్ (పైనుంచి కూడా వినిపించే డాల్బీ సౌండ్) వరకు గట్టెక్కిస్తుంది. 2017లో 2.1తో పాటు ఇఏఆర్‌సీ వచ్చాకే ట్రూహెచ్‌డీ లాంటి నాణ్యత పోని సౌండ్ మొత్తం టీవీ మీదుగా పోవడం కుదిరింది.

ఇదంతా తెలిసినవాడిలా రాస్తున్నాను గానీ నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. రిసీవర్ కొన్న మూడు నెలలు ఐదు స్పీకర్లూ మోగుతున్నాయి కదా ఇదే సరౌండ్ అనుకుని మురిసిపోయాను, మధ్యలో లావుపాటి హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి ఎక్కువ పెట్టి కొన్నాను, సౌండ్ ఇంప్రూవ్ అయిందని ఇంట్లో అందరికీ చెప్పాను కూడా. మా బావమరిది వచ్చి ఒక్కసారి రిసీవర్ డిస్‌ప్లే చూసి, బావా ఇది స్టీరియోనే, అదే సౌండ్‌ని అన్ని స్పీకర్లలో వాయిస్తోంది అన్నాడు. టీవీలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని ఉంది, అంటే టీవీయే సౌండ్‌ని విప్పి రెండు ఛానెళ్ళుగా పంపుతోంది, దాన్ని పాస్‌త్రూకి, అంటే ఉన్నది ఉన్నట్టు పంపేదానికి, మార్చాక అదే సినిమాలో వాన నా వెనకాల పడింది!

బ్లూటూత్ సంగతి వేరు, మామూలుగా వాడే ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతిలో అప్పటికే కుదించిన సౌండ్‌ని ఇంకోసారి కుదిస్తారు, పైగా పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది. ఎరుపు తెలుపు ఆర్‌సీఏ వైర్లతో అయితే టీవీయే సౌండ్‌ని అనలాగ్‌గా మార్చి పంపుతుంది కాబట్టి దాని పనితనం ఎంతో సౌండూ అంతే, ఒక్కోసారి గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్తింగ్ తేడాల వల్ల తీగల్లో పారే కరెంటు) వల్ల హమ్‌మని మూలుగు కూడా. ఆప్టికల్‌కి నిజంగా మెచ్చుకోవాల్సిన గుణం ఇక్కడుంది, అందులో లోహపు తీగ లేదు కాబట్టి ఆ మూలుగు దాని గుండా రాదు. మీ ఆర్టికల్లో ఇది రాయాల్సింది.

ఇంకోటి, ఇంట్లో పోల్చి చూసేవాళ్ళు వాల్యూమ్ సమానం చేసుకుని వినాలి. డాల్బీ బిట్‌స్ట్రీమ్ (టీవీ విప్పకుండా పంపే సౌండ్) చాలాసార్లు పీసీఎం కంటే కాస్త మెల్లగా వినిపిస్తుంది, మన చెవికేమో గట్టిగా మోగిందే మంచిదనిపిస్తుంది, దాంతో పీసీఎం గెలిచిందని రాసేస్తాం.

ఈసారి ఈ టాపిక్ వేసినప్పుడు కేబుళ్ళ ఫొటోలు కాస్త తగ్గించి టీవీ సెట్టింగ్స్‌లో ఎక్కడికెళ్ళి ఏం మార్చాలో ఒక చిన్న బాక్స్ కట్టి వేయండి, నాలాగా మూడు నెలలు మురిసిపోతున్నవాళ్ళు ఇంకా చాలామందే ఉంటారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు