కాటా దగ్గర మూడు రోజులు

చీమకుర్తి,
ఆదివారం.

ప్రియమిత్రుడు పెంచలయ్యకు,

నీ ఉత్తరం అందింది. మిల్లులో కాటాను డాస్ అనే పాత వ్యవస్థతో నడిచే కంప్యూటరుకు కలిపితే తెరమీద పిచ్చి గీతలు పడుతున్నాయని, కొత్త కంప్యూటరు కొనమని అందరూ నిన్ను పోరు పెడుతున్నారని రాశావు. అప్పుడే డబ్బు తీయకు. ఆ తిప్పలే కిందటి నెల నేను ఇక్కడి రాళ్ల లారీల కాటా దగ్గర మూడు రోజులు పడ్డాను.

గ్రానైటు దిమ్మెతో వచ్చిన లారీ కాటా ఎక్కితే 36,950 అని స్పష్టంగా పడింది. అదే లారీ దిమ్మె దించి ఖాళీగా వచ్చి ఎక్కితే, 12,480 పడవలసిన చోట రెండు చుక్కల డబ్బాలు, రెండు గీతలు, చివర ఒక సున్నా పడ్డాయి. గుమాస్తా లారీని అనుమానించాడు. నేను కేబులును అనుమానించి, రెండో పిన్నుకూ మూడో పిన్నుకూ మళ్లీ మళ్లీ టంకం పెట్టాను.

మూడో రోజు అంకెలన్నీ కాగితం మీద రాసుకుంటే గుట్టు తెలిసింది. 0, 3, 5, 6, 9 ఎప్పుడూ సరిగానే వస్తున్నాయి. 1, 2, 4, 7, 8 మాత్రమే చెడుతున్నాయి. అంకెలు పంపే వేగం తప్పయితే అన్నీ చెడాలి కదా! కాటా పెట్టె ప్రతి అంకెనూ ఏడు బిట్ల కోడుగా, అంటే ఏడు సున్నా-ఒకట్ల వరుసగా పంపి, మొత్తం ఒకట్లు సరిసంఖ్య అయ్యేలా ఎనిమిదోదిగా పారిటీ బిట్టును, అంటే తప్పు పట్టే తనిఖీ బిట్టును, తగిలిస్తోంది. 3 కోడులో నాలుగు ఒకట్లున్నాయి కనుక ఆ బిట్టు సున్నాయే; 1 కోడులో మూడే ఉన్నాయి కనుక అక్కడ ఒకటి చేరుతుంది. ఎనిమిది బిట్లూ అక్షరానివే అనుకున్న కంప్యూటరు ఆ 1 కోడును 49కి బదులు 177గా చదివి చుక్కల డబ్బా వేస్తోంది.

కంప్యూటరు మొదలవగానే నడిచే ఆదేశాల ఫైలు ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో 'మోడ్ కామ్1:2400,ఎన్,8,1' అన్న వరుసను 'మోడ్ కామ్1:2400,ఇ,7,1' అని మార్చి మళ్లీ బూట్ చేశాను, అంతే. అందులో 2400 వేగం; ఎన్ అంటే పారిటీ లేదని, ఇ అంటే సరి పారిటీ అని; 8, 7 అక్షరానికి బిట్లు; చివరి 1 ఆపు బిట్టు. తమాషా ఏమిటంటే, వట్టి 'మోడ్ కామ్1:2400' అని వదిలేసినా డాస్ తనంతట తాను సరి పారిటీ, ఏడు బిట్లే తీసుకునేది. ఎవరో తెలివికి పోయి ఆ ఎన్, 8 చేర్చారు. మా ప్రోగ్రాం కామ్1 పోర్టు, అంటే కాటా కేబులు తగిలే చోటు, సెట్టింగుల జోలికి పోదు కనుక ఇది చాలింది. మీది తన సెట్టింగులు తానే పెట్టుకునే రకమైతే దాని మెనూలోనే మార్చాలి.

టంకం కడ్డీ ముట్టుకోకముందే, నీ తెరమీద ఏ అంకెలు చెడుతున్నాయో, కాటా పెట్టె వెనుక ఏ వేగం రాసి ఉందో చూసి రాయి. వచ్చే నెల నెల్లూరు వస్తాను, మొలగొలుకులు ఒక బస్తా పక్కన పెట్టించు.

ఇట్లు,
నీ మిత్రుడు,
మాలకొండయ్య