పేదరికం, తీవ్రవాదం: చర్చకు ముందు ఒక మాట

సభ్యులందరికీ నమస్కారం. మన చర్చల్లో ఉగ్రవాదానికి పేదరికమే మూలమన్న అభిప్రాయం తరచూ వినిపిస్తోంది కనుక ఇది రాస్తున్నాను. ఆర్థికవేత్త అలన్ క్రూగర్, పరిశోధకురాలు యిట్కా మలెచ్కోవా 2003లో ప్రచురించిన పరిశోధనలో, లెబనాన్‌లోని సాయుధ సంస్థ హిజ్బుల్లాకు చెంది, మరణించిన 129 మంది సాయుధుల వివరాలను అక్కడి సాధారణ జనంతో పోల్చి చూశారు. పేదలు జనంలో 33 శాతం ఉంటే వీరిలో 28 శాతమే. సెకండరీ లేదా అంతకు మించి చదివినవారు జనంలో 38 శాతం, వీరిలో 47 శాతం. ఒక్క సంస్థ లెక్కతో అన్ని దేశాలకూ తీర్పు చెప్పలేం గానీ, ‘చదువు, ఉద్యోగం ఇస్తే చాలు’ అన్న ధీమా మాత్రం నిలవదు.

అందుకే డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరం నాకు ముఖ్యమనిపిస్తుంది. అక్కడ పోలీసులు, మున్సిపాలిటీ కలిసి, తీవ్రవాదం వైపు మళ్లుతున్న యువకుడికి ఒక మార్గదర్శిని జతచేస్తారు. ఆ వ్యక్తి అతని మత విశ్వాసాన్ని మార్చబోకుండా, చదువు, ఇల్లు, కుటుంబ కలహాల వంటి రోజువారీ చిక్కుల్లో తోడుంటూ, అతని వాదనలను ఓపికగా విని ఎదురు ప్రశ్నలు వేస్తాడు. నేరం చేసినవారికి శిక్ష తప్పదు. తీవ్రవాద సంస్థల్లో చేరేందుకు సిరియా వెళ్లేవారి సంఖ్య అక్కడ తగ్గినా, అదంతా ఈ పద్ధతి ఫలితమేనని చెప్పడానికి ఆధారాలు చాలవు. ఇలాంటి పద్ధతి ఫలితాన్ని ఎలా కొలవాలన్న సమస్యపైనే మన తదుపరి చర్చ సాగాలని నా కోరిక. ఉదాహరణకైనా సరే, తీవ్రవాద సంస్థల ప్రచార వీడియోలను దయచేసి ఈ గ్రూపులో పెట్టకండి.