రాత్రంతా పొడిగా ఉంటుందన్న మీ క్లాత్ డైపర్ గురించి ఫిర్యాదు

నిజాంపేట,
హైదరాబాద్.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: రాత్రి వాడకానికని అమ్మిన 6 క్లాత్ డైపర్లు, వాటి లోపల తడి పీల్చడానికి పెట్టే 12 ఇన్సర్ట్‌ల సెట్టు తెల్లవార్లూ ఆగకపోవడం, డబ్బు వాపసు, పెట్టె మీది మాట సవరణ.

నమస్తే అండి.

ఈ జూన్‌లో మీ వెబ్‌సైట్లోనే రూ. 2,799 కట్టి ఈ సెట్టు తెప్పించుకున్నాను. బిల్లు, ఫోటోలు ఈమెయిల్‌కి జత చేశాను. పెట్టె మీద బజ్జున్న పాప బొమ్మ, దాని కింద పెద్దక్షరాలతో ‘12 గంటల పొడి నిద్ర’ అని ఉంది. మా బాబుకి ఇరవై నెలలు, పదకొండున్నర కిలోలు. మీ సైజు పట్టికలో సరిగ్గా మధ్యన ఉన్నాడు. మొదటి రాత్రి తొమ్మిదిన్నరకి పడుకోబెడితే మూడు దాటగానే ఏడుస్తూ లేచాడు. బనియను బొడ్డు దగ్గర్నుంచి రొమ్ము దాకా తడి, దుప్పటి తడి, దాని కింద పరుపు మీద అరచేయంత మరక.

ఒక్క రాత్రికే ఫిర్యాదు రాసే మనిషిని కాను. పదహారు రాత్రులు చూశాను. పదకొండు రాత్రులు పక్క తడిసింది. మూడో రోజే మా అత్తమ్మ పాత నూలు చీరలతో కుట్టిన బొంత అటక మీంచి దించి పరిచింది. “వీని నాయనని గిట్లాంటి బొంతల మీదనే పెంచిన. పొద్దుగాల లేచి ఉతుక్కున్న. ఎవ్వనికీ మూడువేలు ఇయ్యలే” అంది. ఆమెకి నేను జవాబు చెప్పలేకపోయాను. మీ దగ్గర ఉంటే పంపండి, చదివి వినిపిస్తాను.

నా మొదటి ఫిర్యాదుకి తొమ్మిదో రోజున మీ జవాబు వచ్చింది. మూడే ముక్కలు: డైపర్ ఇంకాస్త బిగించండి, రెండు ఇన్సర్ట్‌లూ వేయండి, ఇంకో రెండుసార్లు ఉతికి చూడండి. రెండు ఇన్సర్ట్‌లూ మొదటి రాత్రి నుంచే వేస్తున్నానని ఫిర్యాదులోనే రాశాను, మీరు అంతదాకా చదవలేదు. ఉతకడం సంగతికి తర్వాత వస్తాను. బిగించమన్న మాట విని బిగించిన రాత్రి మాత్రం మూడింటి దాకా కూడా ఆగలేదు, ఒంటిగంటకే తడిసింది. ఇదేం విచిత్రమో తేల్చుకుందామని మర్నాడు మధ్యాహ్నం బాబు నిద్రపోయాక వంటింట్లో తూకం ముందేసుకుని కూర్చున్నాను.

మీ ఇన్సర్ట్ పొడిగా ఉన్నప్పుడు 42 గ్రాములు. గిన్నెలో నీళ్ళు పోసి ముంచి, చుక్కలు కారడం ఆగేదాకా ఎత్తి పట్టుకుని తూస్తే 230. ఇది చూసి నిజం చెప్పొద్దూ, మీ మీద కోపం కొంచెం తగ్గింది కూడా. తర్వాత దాన్ని స్టీలు పళ్ళెంలో పరిచి, మీద చపాతీ పీట పెట్టి, పీట మీద ఐదు కిలోల బియ్యం సంచి ఎత్తాను. అర నిమిషం ఉంచానో లేదో, పళ్ళెం అంచు దాకా నీళ్ళు. మళ్ళీ తూస్తే 118. పట్టుకున్న నీళ్ళలో సగానికి పైగా కక్కేసింది. ఐదు కిలోలకే ఇట్లా అయితే, పదకొండున్నర కిలోల పిల్లాడు దాని మీద బోర్లా పడుకుంటే ఏమవుతుంది? దానికి తోడు మీరు బిగించమన్నారు!

అదే పీట, అదే సంచితో పాత టర్కీ టవల్ ముక్క ఒకటి మడతపెట్టి చూశాను. పొడిగా 95, తడిపితే 385, బియ్యం సంచి దించాక 310. అదీ కొంత వదిలింది, కానీ మీ ఇన్సర్ట్‌లా కాళ్ళు బార్లా చాపలేదు.

ఇందులో మంత్రమేమీ లేదు, మీకు తెలియనిదీ కాదు. మీ ఇన్సర్ట్ మైక్రోఫైబర్‌ది. మైక్రోఫైబర్ అంటే పాలియెస్టర్ పోగులు. నీరు ఆ పోగులోకి పోదు, పోగుల మధ్య సందుల్లో నిలబడుతుంది. గిన్నెలు తోమే స్పాంజిలాగే, చటుక్కున పీలుస్తుంది, నొక్కితే అంతే చటుక్కున వదిలేస్తుంది. నూలు పోగు తానే నీరు తాగుతుంది. నింపాదిగా తాగుతుంది, తాగింది తొందరగా వదలదు. హెంప్ (గంజాయి జాతి మొక్క నార) గుడ్డదీ అదే గుణం, ఇంకాస్త ఎక్కువ. పగలు రెండు మూడు గంటలకోసారి మార్చేటప్పుడు మీ మైక్రోఫైబర్ చక్కగా పనిచేస్తోంది, ఆ విషయంలో వంక పెట్టను. పై గుడ్డ కూడా మంచిదే, లోపలి పూత ఇన్ని ఉతుకులకీ పొరలు లేవలేదు. రాత్రి సరుకులో కూడా ఈ మైక్రోఫైబరే పెట్టి పన్నెండు గంటలని అచ్చు వేయించడం దగ్గరే నా పేచీ.

ఆ పన్నెండు గంటలు వాడి పారేసే డైపర్ల పెట్టెల మీద కనిపించే మాట. వాటిలో తడి తగలగానే జెల్ అయిపోయే పొడి ఉంటుంది. పిల్లాడు ఎంత దొర్లినా ఆ జెల్ నీటిని తేలిగ్గా వదలదు. గుడ్డకి ఆ గుణం లేదు. ఉండాలని గుడ్డ వాడే తల్లులెవరూ కోరరు కూడా. గుడ్డ ఎంతసేపు ఆగుతుందో అంతే రాస్తే, అర్ధరాత్రి ఒకసారి లేచి మార్చుకుంటాం, లేదా ఇంకో మడత వేసుకుంటాం. మీ మాట నమ్మి పిల్లాణ్ణి తెల్లారేదాకా తడిలోనే ఉంచితే గజ్జల్లో ఎర్రగా ఒరుసుకుపోయేది వాడికి.

నా వైపు తప్పులు కూడా చెప్పేస్తాను, లేకపోతే అవే పట్టుకుని మళ్ళీ మూడు ముక్కల జవాబు పంపుతారు.

ఒకటి, మొలతాడు. బాబుకి నల్ల మొలతాడు ఉంది. డైపర్ వేసేటప్పుడు అది లోపల ఇరుక్కుంటే, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు తడిని బయటికి లాగి బనియనుకి అంటిస్తోంది. లోపల చుక్క కారకుండానే బనియను అంచు మాత్రం తడిసి ఉన్న రెండు రాత్రుల తర్వాత గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. ఇప్పుడు మొలతాడు పైకి జరిపి వేస్తున్నాను, బనియను కూడా లోపలికి దోపడం లేదు. పదకొండు రాత్రుల్లో ఈ రెండూ నా ఖాతాలో రాసుకోండి. మొలతాడు ప్రతి ఇంట్లో ఉండే ఊళ్ళో అమ్ముతూ డైపర్లతో పాటు పంపిన మీ సూచనల కాగితంలో దాని ఊసు లేకపోవడం మాత్రం మీ ఖాతాలోదే.

రెండు, నూనె. అత్తమ్మ రోజూ నువ్వుల నూనెతో ఒళ్ళు పట్టి స్నానం చేయిస్తుంది. అది మానమని నేను చెప్పను, చెప్పినా మానదు. ఒంటికి మిగిలిన నూనె డైపర్ లోపలి గుడ్డకి పట్టి, తడిని లోపలికి దిగనివ్వకుండా అడ్డుపడుతుంది. లోపలి గుడ్డ మీద నీటిచుక్క వేసి చూస్తే తామరాకు మీద బొట్టులా అట్లాగే నిలబడింది. ఒరుపుకి రాసే క్రీములతో కూడా ఇదే తంటా. గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కలు గిన్నెల లిక్విడ్ వేసి రుద్ది జాడించాక చుక్క వెంటనే ఇంకిపోయింది. దీని గురించీ మీ కాగితంలో ఒక్క ముక్క లేదు. మొదటి వారం బట్టలు మెత్తబడే లిక్విడ్ కూడా వాడాను. అదీ పోగుల మీద పొరలా పట్టి పీల్చుకునే గుణాన్ని చెడగొడుతుంది. దాన్ని వాడొద్దని రాయడానికి మీకు ఎంత సిరా అవుతుందండీ?

ఇక నీళ్ళు. కాగితంలో ‘మామూలు నీటితో ఉతకండి’ అని రాశారు. హైదరాబాద్‌లో మామూలు నీళ్ళంటే ఏవి? మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, మిగతాదంతా బోరు, వేసవిలో ట్యాంకరు. బోరు నీళ్ళ ఉప్పుకి కుళాయి మూతి తెల్లగా పొలుసు కడుతుంది, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. అవే నీళ్ళతో ఉతికి ఆరేస్తే మీ ఇన్సర్ట్ సాయంత్రానికి అప్పడంలా అయింది. నల్లా వచ్చిన రోజు రెండు బకెట్లు పట్టి ఉంచి, ఆఖరి జాడింపు వాటితో చేయడం మొదలుపెట్టాక మెత్తదనం తిరిగి వచ్చింది. మీరు చెప్పిన ‘ఇంకో రెండు ఉతుకులు’ నేను బోరు నీళ్ళతోనే ఉతికి ఉంటే పరిస్థితి ఇంకా దిగజారేది. అయినా ఆ సలహా నూలుకి పనికొస్తుంది గానీ మీ సరుక్కి కాదు. కొత్త నూలుకి సహజంగా ఉండే మైనం వదిలి బాగా పీల్చాలంటే నాలుగైదు ఉతుకులు పడతాయి. మైక్రోఫైబర్‌కి ఒక్కటి చాలు.

తొడ దగ్గర ఎలాస్టిక్ చెడ్డీ అంచులా గజ్జ మడతలో కూర్చోవాలి. ఎలా వేయాలో చూపే మీ బొమ్మలో తొడ మీద ఉంది. బొమ్మ చూసి వేసినన్నాళ్ళూ పక్కనుంచి సందు. ముందరి టిచ్ బటన్లు ఒక వరస కిందికి మార్చి, ఎలాస్టిక్‌ని వేలితో మడతలోకి తోశాక ఆ బాధ పోయింది. ఆరింటిలో ఒకదానికి ఎడమ తొడ ఎలాస్టిక్ కుట్టు ఊడింది, ఫోటో చూడండి.

ప్రస్తుతం నా ఏర్పాటు ఇది. సికింద్రాబాద్ జనరల్ బజార్లో కొన్న నూలు టర్కీ టవల్, అడుగున. దాని మీద మీ మైక్రోఫైబర్ ఒకటి. అది పైనుంటే ఒక్కసారిగా వచ్చే తడిని గబుక్కున అందుకుంటుంది, కిందున్న నూలు నింపాదిగా తాగి దాచుకుంటుంది. రెండూ డైపర్‌కి ఉన్న సంచి లోపలే ఉంటాయి కాబట్టి మైక్రోఫైబర్ ఒంటికి తగిలి చర్మాన్ని ఎండగట్టే భయం లేదు. మగపిల్లాడు, పైగా బోర్లా పడుకుంటాడు, అందుకని ముందు వైపు ఒక మడత ఎక్కువ వేస్తాను. పడుకునే ముందు, అన్నం తిన్నాక కాదు, సరిగ్గా పక్క మీదికి చేర్చే ముందు మారుస్తాను. వాడు పహిల్వాన్‌లా కాళ్ళు ఎడంగా వేసి నడుస్తున్నాడు, రాత్రికి కదా, పర్వాలేదు. ఓ పొద్దున విప్పి తూస్తే పొడి బరువు కన్నా 290 గ్రాములు ఎక్కువుంది. మీ రెండు ఇన్సర్ట్‌లూ కలిపి నా బియ్యం సంచి కింద ఆపగలిగింది 152. మీ పెట్టె మీది మాటకీ మా పరుపుకీ మధ్య ఉన్న తేడా అదే.

ఈ ఏర్పాటుతో పన్నెండు రాత్రులు గడిచాయి. ఒక్కసారి తడిసింది. ఆ సాయంత్రం పెళ్ళిలో మా మరిది ముద్దుచేసి వాడికి రెండు గ్లాసుల మజ్జిగ తాగించాడు. దానికి మిమ్మల్ని అనను.

నాకు కావాల్సింది పెద్దదేమీ కాదు. రాత్రి సెట్టు కింద కట్టిన రూ. 2,799 వెనక్కి ఇవ్వండి. లేదా 12 మైక్రోఫైబర్ ఇన్సర్ట్‌లూ తీసుకుని వాటి బదులు నూలువో హెంప్‌వో పంపి, కుట్టు ఊడిన డైపర్ మార్చండి. పెట్టె మీద ‘12 గంటలు’ తీసేయండి. మీ కాగితం ఇంగ్లీషులో, హిందీలో ఉంది. ఉతికేది అత్తమ్మ, ఆరేసేది పనామె. ఇద్దరికీ ఆ రెండూ రావు. తెలుగులో ఒక పేజీ వేయండి. పైన నేను రాసిందంతా అందులో పెట్టుకోండి, డబ్బులడగను.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సరుకును తప్పుగా వర్ణించినా, బూటకపు హామీ ఇచ్చినా అది తప్పుదోవ పట్టించే ప్రకటనే. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మీకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ పనికి పెట్టాల్సిన ఫిర్యాదుల అధికారి పేరు మీ వెబ్‌సైట్లో ఎంత వెతికినా నాకు కనపడలేదు. నెల దాటితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, నేనుండే ఊళ్ళోనే వేసుకోవచ్చు. తూకం, పీట, బియ్యం సంచి కూడా పట్టుకొస్తాను.

సరుకు తీసుకెళ్ళడానికి మనిషిని పంపేటట్టయితే ముసురు లేని రోజున, సాయంత్రం నాలుగు తర్వాత పంపండి. అప్పటిదాకా అవి దండెం మీదే ఉంటాయి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
(ఫోన్ నంబరు, ఆర్డర్ వివరాలు ఈమెయిల్‌లో)