మా షాపు మూతపడకుండా ఆపినవాళ్లకి

నిన్న మధ్యాహ్నం బ్యాంకులో ‘బాకీ లేదు’ అని రాసిన కాగితం చేతికిచ్చారు. ఆటోలో వస్తూ అమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. ఇంటికి రాగానే దేవుడి పటం ముందు పెట్టబోతుంటే, ఆగమ్మా, ముందు రెండు జిరాక్సులు తీయిస్తాను అన్నాను.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా మ్యూజిక్ షాపు తెలిసినవాళ్లకి ఈ రెండేళ్ల కథ సగం సగం తెలుసు. మూసేస్తున్నారంట అని కొందరు, కూతురు నాయన్ని పక్కకి నెట్టి కుర్చీ ఎక్కిందంట అని ఇంకొందరు. రెండోది నా చెవినే పడింది, సంతపేట కూరగాయల దగ్గర. అందుకని, పేరుపేరునా చెప్పేముందు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మనుషుల పేర్లు మాత్రం రాయను. వద్దన్నారు.

నాయన హార్మోనియం రిపేర్లతో మొదలుపెట్టాడు. రీడు గీకి శ్రుతికి తేవడంలో ఆయన చెయ్యి చెయ్యే. కావలి నుంచి గూడూరు దాకా భజన మందిరాల వాళ్లు, చర్చిల వాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. తర్వాత తబలాలు, కీబోర్డులు, గిటార్లు. మా దగ్గర ఎక్కువ పోయేది నాలుగైదు వేల గిటార్లే. ‘గిబ్సన్ ఉందా’ అని అడిగేవాళ్లలో నూటికి తొంభైమందికి కావాల్సింది కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్. అసలు గిబ్సన్, అంటే అమెరికా కంపెనీ గిటార్, మా షాపు గడప తొక్కింది ఒక్కసారే. అమెరికా నుంచి సెలవుల మీద వచ్చినాయన తీగలు మార్పించుకోవడానికి తెచ్చాడు. దాన్ని పెట్టెలోంచి తీసేముందు నాయన పెరట్లోకి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కొచ్చాడు.

పదేళ్ల కింద ఆయనకి ఇంకో ఆలోచన పట్టింది. పాట వాయించేవాళ్లు వందమందైతే వినేవాళ్లు లక్షమంది కదా, వినేవాళ్లకి ఎందుకు అమ్మకూడదు అని. హోమ్ థియేటర్లు వచ్చాయి, వాటి వెనక ఎల్ఈడీ టీవీలు, ఇన్వర్టర్ బ్యాటరీలు, పెళ్లిళ్లకి అద్దెకిచ్చే డీజే బాక్సులు వచ్చాయి. కావలిలో ఒక బ్రాంచి, ఒంగోలులో ఒకటి. రొయ్యల గుంటలు బాగా పండిన ఏడాది టీవీలు బండ్ల మీద పోయాయి, అన్నీ ఉద్దరకే. రొయ్య రేటు పడింది, ఉద్దర ఉద్దరగానే ఉండిపోయింది. నేను చెన్నైలో అకౌంట్స్ ఉద్యోగం మానేసి వచ్చేసరికి మొత్తం అప్పు 38 లక్షలు. అమ్మ మెళ్లో పసుపుతాడు మిగిలింది.

ఇక్కడ మేనేజర్ గారి గురించి చెప్పాలి. ఈ పోస్టు రాసేదే ఆయన కోసం.

ఆయన బ్యాంకు మేనేజర్‌గా రిటైరయ్యారు. మాకు అప్పిచ్చిన బ్యాంకు కాదు, వేరేది. 62వ ఏట గిటార్ నేర్చుకోవాలని మా షాపులో 4,800 పెట్టి ఒకటి కొన్నారు. రెండేళ్లు దాటినా ఎఫ్ కార్డు (ఒక వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కిపట్టి వాయించే స్వరాల గుత్తి) పట్టుకోలేరు, మానరు కూడా. మొదటి తీగ నెలకొకటి తెంపుతారు. అలా తెంపుకుని వచ్చిన ఒక సాయంత్రం నేను చిట్టాలు ముందేసుకుని కూర్చుని ఉన్నాను. ఏమైంది పాపా అన్నారు. నేను ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆయన ఓదార్చలేదు. బిల్లు బుక్కులోంచి ఒక కాగితం చింపి, వెనకవైపు మధ్యలో గీత గీశారు. ఎడమవైపు వాయించేవి, కుడివైపు వాయించనివి. మూడేళ్ల లెక్క తీసి ఏ పక్క ఎంత మిగిలిందో రాసి చూపించమన్నారు. నాలుగు రాత్రులు పట్టింది. గిటార్లు, తీగలు, రిపేర్లు, పిల్లల క్లాసులు కలిపితే ఖర్చులు పోను ఏడాదికి మూడున్నర లక్షల పైనే మిగులు. ఒక్క ఏడాది కూడా నష్టం లేదు. టీవీల పక్క అమ్మకం దానికి ఆరింతలు. బ్రాంచీల అద్దెలు, వడ్డీ, రాని ఉద్దర తీసేస్తే మిగిలింది గుండు సున్నా కూడా కాదు, మైనస్.

కాగితం చూసి మేనేజర్ గారు నవ్వారు. “మీ నాయన్ని పిలువు. ఒక కథ చెప్తా” అన్నారు.

ఆ కథ గిబ్సన్ కంపెనీ దివాలాదే. నాయన స్టూల్ మీద, మేనేజర్ గారు ఆంప్లిఫయర్ పెట్టె మీద కూర్చున్నారు. కరెంటు పోయింది. గోడలకి అన్ని ఇన్వర్టర్లు వేలాడుతున్నా, ఒక్కదానికీ బ్యాటరీ తగిలించి లేదు. సెల్‌ఫోన్ లైటులోనే విన్నాం.

ఆయన దివాలాతో మొదలుపెట్టలేదు. అక్కడే ఆయన తెలివంతా ఉందని నాకు తర్వాత అర్థమైంది. మిచిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊళ్లో 1902లో పెట్టిన కంపెనీ, 1969లో వేరేవాళ్ల చేతికి పోయి, నాణ్యత పడిపోయి, 1984కి కలమజూ ఫ్యాక్టరీకే తాళం పడి, ఇక అయిపోయింది అనుకున్న రోజుల నుంచి మొదలుపెట్టారు. 1986లో హెన్రీ జస్కెవిచ్ అనే ఆయన హార్వర్డ్‌లో తనతో చదివిన స్నేహితులతో కలిసి 50 లక్షల డాలర్లకి దాన్ని కొన్నాడు. ఆయన కూడా గిటార్ వాయించేవాడే. నిలబెట్టాడు. ప్రపంచమంతా మళ్లీ ఆ పేరు చెప్పుకునేలా చేశాడు.

“మగాడు” అన్నాడు నాయన.

“అవును. అందులో అనుమానం లేదు” అన్నారు మేనేజర్ గారు. “తర్వాత ఆయనకీ నీలాగే అనిపించింది. వాయించేవాళ్లు కొందరే, వినేవాళ్లు అందరూ అని.”

నాయన మాట్లాడలేదు.

2014లో ఫిలిప్స్ కంపెనీ నుంచి హోమ్ థియేటర్లు, హెడ్‌ఫోన్ల వ్యాపారాన్ని 13.5 కోట్ల డాలర్లకి కొన్నారు. గిటార్ కంపెనీని ‘మ్యూజిక్ లైఫ్‌స్టైల్’ కంపెనీ చేస్తామన్నారు. 2015 మోడళ్లలో దాదాపు అన్నిటికీ తీగల్ని తనంతట తనే శ్రుతి చేసే మోటార్లు బిగించి రేటు పెంచారు, కొనేవాళ్లు వద్దు మొర్రో అన్నారు. (ఈ మాటకి మాత్రం నాయన పెద్దగా నవ్వాడు. “శ్రుతి చేసుకోవడం రానోడికి గిటారెందుకు సార్?”) అప్పు 50 కోట్ల డాలర్ల దాకా పెరిగింది. 2018 మే 1న చాప్టర్ 11 అనే దివాలా చట్టం కింద కోర్టుకెళ్లారు.

మన ఊళ్లో ఐపీ పెట్టాడంటే రాత్రికి రాత్రి షట్టర్ దించి పరారయ్యాడని. అక్కడ చాప్టర్ 11 అంటే అది కాదని వివరంగా చెప్పారు. కోర్టు నీడన అప్పులవాళ్లని కూర్చోబెట్టి గడువు తెచ్చుకుంటారు. పని ఆపరు. గిటార్లు చేస్తూనే నష్టాల ముక్కని కోసేశారు. ఎందుకంటే గిటార్ల పక్క అప్పటికీ లాభంలోనే ఉంది. మునిగింది హెడ్‌ఫోన్ల పక్క. ఆ ఏడాది నవంబరులో బయటికొచ్చేసరికి అప్పిచ్చినవాళ్లే యజమానులు, అందులో పెద్ద వాటా కేకేఆర్ అనే పెట్టుబడి సంస్థది. ముప్పై రెండేళ్లు నడిపిన జస్కెవిచ్ దిగిపోయాడు. లీవైస్ జీన్స్ కంపెనీలో పెద్ద హోదాలో పనిచేసిన జేమ్స్ కర్లీ వచ్చి కూర్చున్నాడు.

“ప్యాంట్లు అమ్మేవాడా?” అన్నాడు నాయన.

“ప్యాంట్లు అమ్మేవాడే. వచ్చి ఏం చేశాడనుకున్నావు? జనం అడుగుతున్న పాత డిజైన్లని ఒక వరసలో పెట్టాడు, కొత్తవి ఇంకో వరసలో పెట్టాడు. గిటార్లే చేద్దాం అన్నాడు.”

నా కాగితం అప్పుడు తీసి నాయన చేతిలో పెట్టారు. కరెంటొచ్చింది. నాయన చాలాసేపు చూసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికెళ్లిపోయాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం అన్నం అమ్మ చేత పెట్టించుకున్నాడు గానీ నేను వడ్డిస్తే లేచిపోయాడు. ఇదీ రాయాలి, లేకపోతే అంతా ఒక్క సాయంత్రంలో తేలిపోయినట్టుంటుంది.

ఎనిమిదో రోజు పొద్దున షాపు తెరవగానే గల్లాపెట్టె తాళంచెవి ఇస్తానన్నాడు. అది ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉంటుంది. చెమటకి, నీళ్లకి ముడి రాయైపోయింది, రావడం లేదు. కాసేపు గోళ్లతో లాగాడు. నేను పట్టుకోబోతే చెయ్యి తోసేశాడు. చివరికి రిపేరు బల్ల మీది కటింగ్ ప్లేయర్, గిటార్ తీగలు కత్తిరించేది, అందుకుని మొలతాడు పుటుక్కుమని తెంపేశాడు. తాళంచెవి నా ముందు పెట్టి, “లెక్కలు నువ్వు చూసుకో. బల్ల నాకొదిలెయ్” అన్నాడు. అంతే. దాన్నే ఊళ్లో కుర్చీ ఎక్కడం అన్నారు.

నాకు గిటార్ వాయించడం రాదు. అది కూడా చాలామంది అన్నారు, పట్టుకోవడం రాని పిల్ల షాపేం నడుపుతుందని. మేనేజర్ గారితో అంటే, 1950 నుంచి 1966 దాకా గిబ్సన్‌కి ప్రెసిడెంటుగా ఉన్న టెడ్ మెకార్టీకి గిటార్ రాదమ్మా అన్నారు. లెస్ పాల్ మోడల్, ఫ్లయింగ్ వీ, ఈఎస్-335 అనే పేరున్న గిటార్లన్నీ ఆయన ఉన్నప్పుడు వచ్చినవే. వాయించేవాళ్లని, చేసేవాళ్లని అడిగి తెలుసుకునేవాడట. ఆ మాట నాకు ఎన్ని రాత్రులు నిద్రపట్టించిందో ఆయనకి తెలియదు.

తర్వాతదంతా చాకిరీ. రెండు బ్రాంచీలు ఎత్తేశాం. టీవీలు, బాక్సులు కొన్న రేటుకే ఇంకో డీలరుకి ఇచ్చేశాం. బ్యాంకులో వన్ టైమ్ సెటిల్‌మెంట్‌కి (మాట్లాడుకున్న మొత్తం కట్టి అప్పు ముగించుకోవడానికి) నాలుగుసార్లు తిరిగాం. నాలుగుసార్లూ మేనేజర్ గారు సొంత స్కూటర్ మీద వచ్చారు, పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. జీఎస్టీ నా పేరు మీద కొత్తగా తీసుకోవాల్సి వస్తే ఆ పనంతా చేసిపెట్టిన ఆడిటర్ అన్నా, నీ ఫీజు నాకు గుర్తుంది. చెన్నైలో తీగలు పంపే సేటు గారు ఆరు నెలలు ఫోన్ చేయకుండా ఊరుకున్నారు, ఆ ఊరుకోవడమే పెద్ద సాయం. క్రిస్మస్‌కి రెండు నెలల ముందే ఆరు గిటార్లకి పూర్తి డబ్బు కట్టిన చర్చి క్వాయర్ పిల్లలకి, ఆ డబ్బుతో కావలి షాపు అద్దె బకాయి తీరిందని ఇప్పుడు చెబుతున్నాను. నాలుగేళ్ల నాటి టీవీ బాకీ 11,000 రొయ్యలమ్ముకుని తెచ్చిచ్చిన అల్లూరు మామా, నీకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఉదయగిరి నుంచి వచ్చే బాషా మామ సంగతి కాస్త వేరు (బాషా మామ అని మేం పిలిచే పిలుపు, అసలు పేరు కాదు). వాళ్లింట్లో అందరూ నర్ది, బిక్కి కొయ్యలతో గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. గిటార్ బ్రిడ్జి (పొట్ట మీద తీగలు బిగించే పట్టీ) మీద తీగని పట్టుకునే పిన్నులు ప్లాస్టిక్‌వి ఊరికే విరిగిపోతున్నాయని ఒకటి చేతికిచ్చి, ఇలా కొయ్యతో అవుతుందా అన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, “ఫోర్కు పళ్లకంటే కష్టమా పాపా ఇది” అన్నాడు. మొదటి డజను లావైపోయాయి. రెండో డజను సరిగ్గా దిగాయి. ఇప్పుడు మా దగ్గర తీగలు మార్పించుకునేవాళ్లు అవే అడుగుతున్నారు.

ఇక నాయన. షాపుకొచ్చే పాతవాళ్లు ఆయన బల్ల దగ్గర కూర్చోవడం చూసి జాలిపడుతున్నారు. దయచేసి పడొద్దు. మొన్న ఒక అబ్బాయి ఎండల్లో కారులో వదిలేసిన గిటార్ తెచ్చాడు. నెల్లూరు మే నెల సంగతి తెలుసుగా, లోపల జిగురు మెత్తబడి బ్రిడ్జి ఒక పక్క లేచింది. అగ్గిపుల్ల దూరేంత సందు. వేరే చోట పనికిరాదన్నారట. నాయన పాత జిగురంతా మెల్లగా గీకి తీసి, కొత్తది రాసి, రెండు క్లాంపులు బిగించి, ఒక రాత్రి, ఒక పగలు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత నట్టు (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) గాడులు. సన్నటి ఆకురాయితో రెండు తోపులు తోసి, తీగ వేసి, మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ తీగ తీసి ఒక్క తోపు. ఆరు తీగలకీ అలాగే. భోజనానికి పిలిస్తే పలకలేదు. ఈ పని చేస్తుండగా ఆయన్ని నేను చిన్నప్పుడు చూశాను, మధ్యలో పదేళ్లు చూడలేదు.

అప్పుడప్పుడూ మాత్రం అడుగుతుంటాడు, ఆ ప్యాంట్ల ఆయన ఇంకా ఉన్నాడా అని. 2023లో దిగిపోయాడు నాయనా, లోపలున్న ఇంకొకాయన ఎక్కాడు అంటే, “చూశావా మరి” అంటాడు. ఏం చూడాలో చెప్పడు. నేనూ తాళంచెవి ఉన్న సొరుగు వైపు ఒకసారి చూసుకుంటాను.

మేనేజర్ గారూ, మీకు ఫేస్‌బుక్ లేదని తెలుసు, మీ మనవడు చదివి వినిపిస్తాడు. మీ గిటార్ సోమవారానికి రెడీ అవుతుంది. నాయన మీకు చెప్పకుండా తీగల ఎత్తు దించి, ఎముక నట్టు వేశాడు, ఈసారి ఎఫ్ కార్డు పడుతుందట. పడకపోతే తప్పు గిటార్‌ది కాదని కూడా చెప్పమన్నాడు. డబ్బులు తేవద్దు.